దీపం కింద డ్రాకులా

అర్ధరాత్రి వణికించాల్సిన ఆట అది. ఆడాలంటే మాత్రం పట్టపగలు కిటికీ పక్కన కూర్చోవాలి! 2001లో వచ్చిన ఓ జేబు వీడియోగేమ్ తొలిచూపులోనే మెప్పించింది, తొలిచూపులోనే విసిగించింది. దాన్ని సరిగ్గా చూడ్డానికి ఇరవయ్యేళ్లు పట్టింది.

అదో పాడుబడ్డ కోట. పైన పున్నమి చంద్రుడు. లోపల కాటుకలాంటి చీకటి. కొరడా పట్టుకున్న ఓ యువకుడు ఒక్కో గదీ దాటుకుంటూ వెళ్తున్నాడు. ఎదురుగా ఏదో కదిలింది. అస్థిపంజరమా, గబ్బిలమా, గోడమీద నీడా... తేల్చుకునేలోపే దెబ్బ తగిలింది. యువకుడు వెనక్కి తూలి పడ్డాడు.

ఆ యువకుణ్ని ఆడిస్తున్న పిల్లాడు 'అబ్బా' అనుకుంటూ లేచాడు. కుర్చీని టేబుల్‌లైటు కిందికి జరిపాడు. చేతిలోని ఆటబొమ్మని అటూ ఇటూ వంచి, వెలుతురు సరిగ్గా పడే కోణం కోసం వెతుక్కున్నాడు. ఒకచోట తెర కనిపించింది... దాంతోపాటే అద్దంలోలా తన ముఖమూ, వెనకనున్న బల్బూ కనిపించాయి. మెడ కాస్త కదిలితే చాలు, కోట మళ్లీ మాయం!

2001 వేసవిలో 'గేమ్‌బాయ్ అడ్వాన్స్' కొన్నవాళ్లకి బాగా గుర్తుండిపోయిన అవస్థ ఇది. ఆ ఆట పేరు 'క్యాసిల్‌వేనియా: సర్కిల్ ఆఫ్ ద మూన్'.

అరచేతిలో కోట

చేతిలో పట్టుకుని ఆడే ఆటయంత్రాల్లో నింటెండో కంపెనీది పెద్ద పేరు. 1989లో నలుపూ ఆకుపచ్చల 'గేమ్‌బాయ్'తో మొదలైన ఆ కుటుంబంలోకి 2001 మార్చి 21న జపాన్‌లో, జూన్ 11న అమెరికాలో 'అడ్వాన్స్' వచ్చింది. 2.9 అంగుళాల రంగుల తెర. అందులో అడ్డంగా 240, నిలువుగా 160 చుక్కలు. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే దాదాపు 15 గంటలు నడుస్తుంది. అంతకుముందు టీవీకి తగిలిస్తేగానీ చూడలేని స్థాయి బొమ్మలు జేబులోకి వచ్చేశాయన్నమాట.

కొత్త యంత్రంతోపాటు దాని సత్తా చూపించే ఆటలూ కావాలి కదా! మొదటిరోజే దుకాణాల్లోకి వచ్చినవాటిలో కొనామీ కంపెనీ తాలూకు కోబె స్టూడియో తయారుచేసిన ఈ 'సర్కిల్ ఆఫ్ ద మూన్' ఒకటి. క్యాసిల్‌వేనియా పేరు ఆటగాళ్లకి కొత్తేం కాదు. 1986లో జపాన్‌లో పుట్టిన సిరీస్ అది. అక్కడి పేరు 'అకుమాజో డ్రాకులా'... అంటే దెయ్యాల కోట డ్రాకులా. 1997లో ప్లేస్టేషన్ కోసం వచ్చిన 'సింఫనీ ఆఫ్ ద నైట్' అయితే ఆ సిరీస్‌కే తలమానికం. అంతకుముందు ఆటంటే చాలావరకు వరసగా ఒక్కో దశా దాటుకుంటూ పోవడమే. 'సింఫనీ'లో కోట మొత్తం ఒకటే. ఎటైనా వెళ్లొచ్చు, ఎన్నిసార్లయినా వెనక్కి రావచ్చు. ఇవాళ మూసిఉన్న తలుపు రేపు కొత్త శక్తి వచ్చాక తెరుచుకుంటుంది.

అలాంటి ఆట టీవీ ముందు కూర్చుంటేనే సాధ్యమని చాలామంది అనుకున్నారు. అలా అనుకోవడానికి కారణమూ ఉంది. 1989లో పాత గేమ్‌బాయ్‌కి వచ్చిన క్యాసిల్‌వేనియాలో కథానాయకుడు నత్తతో పోటీపడేవాడు! అందుకే 2001లో కొత్త యంత్రంలో ఈ ఆట పెట్టిన మొదటి నిమిషం ఆశ్చర్యంతోనే గడిచింది. కదిలే నేపథ్యాలు, పెద్దపెద్ద రాక్షసులు, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే రోమాలు నిక్కబొడుచుకునే సంగీతం. రెండో నిమిషంలో మాత్రం కళ్లు చికిలించాల్సి వచ్చింది.

ఈ దెయ్యాల పుట్టుక

మన జానపద కథల్లో మాయలఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఐరోపా వాళ్ల భయానికి అలాంటి చిరునామా పాత కోట. 1764లో ఇంగ్లండ్ రచయిత హొరేస్ వాల్‌పోల్ 'ద క్యాసిల్ ఆఫ్ ఒట్రాంటో' అనే నవల రాశాడు. మరుసటేడు రెండో ముద్రణలో దాన్ని 'గోథిక్ కథ' అన్నాడు. శిథిలమైన కోట, రహస్య సొరంగాలు, తాతముత్తాతల పాపాలు వారసుల్ని వెంటాడటం... ఆ దినుసులన్నీ అప్పట్నుంచీ ఒక ప్రత్యేకమైన వంటకంగా స్థిరపడిపోయాయి. 1897లో బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా'తో దానికి ప్రపంచవ్యాప్తంగా పేరొచ్చింది.

ఈ ఆట ఆ వంటింట్లోంచి వచ్చిందే. కథాకాలం 1830. చోటు ఆస్ట్రియాలోని ఓ పాతకోట. నిద్రపోతున్న డ్రాకులాని లేపే పిశాచి పేరు కమిల్లా. ఐర్లండ్ రచయిత షెరిడాన్ లె ఫాను 1872 నాటి నవలిక 'కార్మిల్లా'లోని రక్తపిశాచే ఆమెకి మూలం. ఆ కథ జరిగేది కూడా ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతంలోనే!

డ్రాకులాని అడ్డుకోవడానికి ముగ్గురు వస్తారు. గురువు మారిస్ బాల్డ్‌విన్, ఆయన కొడుకు హ్యూ, శిష్యుడు నేథన్ గ్రేవ్స్. పదేళ్లకిందట మారిస్‌తో కలిసి డ్రాకులాని బంధించే పనిలో ప్రాణాలు పోగొట్టుకున్న దంపతుల బిడ్డ ఈ నేథన్. గురువు అతణ్ని పెంచి, విద్య నేర్పి, చివరికి పిశాచాల్ని వేటాడే కొరడాని కన్నకొడుక్కి కాకుండా అతని చేతిలోనే పెట్టాడు. ద్రోణుడి దగ్గర అర్జునుడికి దక్కిన చనువు చూసి అశ్వత్థామ మనసు ఎలా ఉండేదో తెలుసుగా... హ్యూ కడుపుమంట సరిగ్గా అదే. దెయ్యాలకంటే ఆ ముగ్గురి మధ్యనున్న ఈ ముల్లే కథకి అసలు పదును.

మొదటి గంట

ఆట మొదలవడమే పతనంతో మొదలవుతుంది. ముగ్గురూ కోటలోకి అడుగుపెట్టేసరికి డ్రాకులా లేవనే లేచాడు. కాళ్లకింద నేల ఒక్కసారిగా కుప్పకూలుతుంది. శిష్యుడూ కొడుకూ పాతాళంలో పడతారు. గురువు పైనే చిక్కుకుపోతాడు. పున్నమి గడియల్లో ఆయన్ని బలిచ్చి డ్రాకులాకి పూర్తి బలం తెప్పించాలన్నది పిశాచాల పథకం. 'మా నాన్నని నేనే కాపాడుకుంటా, నువ్వు అడ్డురాకు' అన్నట్టు హ్యూ విసవిసా వెళ్లిపోతాడు. నేలమాళిగలో నేథన్ ఒంటరిగా మిగులుతాడు.

ఇక్కడ రెండు విషయాలు ఆటగాడికి చప్పున తెలిసొస్తాయి. మొదటిది, నేథన్ నడక మరీ నెమ్మది. అయితే కొద్దిదూరంలోనే పరుగెత్తించే బూట్లు దొరుకుతాయి. దిశ చూపే మీటని రెండుసార్లు టకటకా నొక్కితే పరుగే పరుగు. రెండోది, గోడలకున్న కొవ్వొత్తుల్ని కొరడాతో కొడితే అందులోంచి ఎర్రటి గుండెకాయ బొమ్మలు రాల్తాయి. అవి ప్రాణం పెంచుతాయనుకుంటే పొరపాటే. కత్తులూ, గొడ్డళ్లూ, పవిత్రజలం సీసాలూ విసరడానికి అయ్యే ఖర్చు ఆ గుండెలు. క్యాసిల్‌వేనియాలో తొలినుంచీ వస్తున్న ఆచారమే ఇది. విడ్డూరమేంటంటే, తెర లోపల నేథన్ కనపడ్డ దీపమల్లా పగలగొట్టుకుంటూ పోతుంటాడు. తెర బయట ఆటగాడేమో మరో దీపం దొరికితే బాగుణ్నని ఇల్లంతా వెతుకుతుంటాడు!

మరికాసేపట్లో మరో ముచ్చట. చచ్చిన శత్రువుల్లో ఏ ఒక్కటో అరుదుగా ఓ పేకముక్క వదులుతుంది. అలాంటివి మొత్తం ఇరవై. పదింటిమీద రోమన్ దేవతల పేర్లు... మెర్క్యురీ, వీనస్, మార్స్ అంటూ. మరో పదింటిమీద సాలమాండర్, గోలెమ్, యూనికార్న్ లాంటి పురాణజంతువులు. దేవత ముక్కనీ జంతువు ముక్కనీ జతచేస్తే ఒక శక్తి పుడుతుంది. ఉదాహరణకి, మెర్క్యురీకి సాలమాండర్ని కలిపితే కొరడాకి నిప్పంటుకుంటుంది. పది పదులు వంద జతలు. ఏది దేనితో కలిపితే ఏమవుతుందో వాడి చూస్తేగానీ తెలీదు. ఇరవై ముక్కలతో వంద రహస్యాలు... చిన్న యంత్రానికి ఇంతకంటే తెలివైన పొదుపు ఏముంటుంది!

నేలమాళిగ చివర మూడుతలల కుక్క సెర్బెరస్ కాపలా ఉంటుంది. గ్రీకు పురాణాల్లో పాతాళ ద్వారపాలకుడే ఇతగాడు. మెరుపులు కక్కుతూ, దూకుతూ రెండుమూడుసార్లయినా ఓడించి పంపుతాడు. ఎలాగోలా గెలిస్తే నేథన్‌కి గాల్లో రెండోసారి ఎగిరే విద్య దక్కుతుంది. అంతే! ఇందాక అందని అరుగు ఇప్పుడు అందుతుంది. వదిలేసి వచ్చిన దారులన్నీ ఒక్కొక్కటిగా గుర్తొస్తాయి. మ్యాపులో ఒక్కో గదీ నీలిరంగులో నిండుతుంటే, 'ఇంకొక్క గది చూసి ఆపేద్దాం' అనిపిస్తుంది. ఆ ఒక్క గదీ ఎప్పటికీ అయిపోదు.

ఇంత రుచి మరిగించిన ఆటమీద మొదటిరోజు ఆడినవాళ్ల తీర్పు ఒకే వాక్యంలో రెండుగా చీలిపోయింది. ఆట గొప్పది, కనపడటం లేదు. నాటి ఆటల పత్రికలూ కొత్త యంత్రానికి వచ్చిన మేలైన ఆటల్లో దీన్ని లెక్కేశాయి. దాంతోపాటే చీకటి గురించీ ఫిర్యాదు చేశాయి.

వెలుగు ఎందుకు పెట్టలేదు?

లోపం ఆటదా, యంత్రానిదా? ఇద్దరిదీ కాస్త కాస్త.

ఇప్పటి ఫోన్ల తెర వెనక సొంత వెలుగు ఉంటుంది. గేమ్‌బాయ్ అడ్వాన్స్ తెరకి అది లేదు. గదిలోని వెలుతురే గాజులోంచి లోపలికి వెళ్లి, వెనకున్న పొరకి తగిలి, తిరిగి బయటికి రావాలి. అప్పుడే బొమ్మ కనిపిస్తుంది. పాత నలుపూ ఆకుపచ్చల గేమ్‌బాయ్‌లోనూ ఇదే పద్ధతి. అయితే అందులో రంగుల వడపోత లేదు. 'అడ్వాన్స్'లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలు వచ్చి చేరాయి. వెళ్లేటప్పుడు కొంత, వచ్చేటప్పుడు కొంత వెలుతురుని అవే మింగేస్తాయి. మిగిలేది బొటాబొటీ. పచ్చిక మైదానాల్లో గంతులేసే 'మారియో' లాంటి ఆటలకి ఆ కాస్త వెలుతురూ సరిపోతుంది. నల్లని గోడలముందు ముదురు గోధుమరంగు గబ్బిలాలు ఎగిరే కోటకి ఎలా సరిపోతుంది?

మరి లైటు పెట్టేస్తే పోయేది కదా అంటే... పెట్టి దెబ్బతిన్నవాళ్ల కథ అప్పటికే ఉంది. 1990లో సెగా కంపెనీ 'గేమ్‌గేర్' తెచ్చింది. రంగుల తెర, వెనక వెలుగు, చూడ్డానికి భలేగా ఉండేది. కాకపోతే ఆరు సెల్స్ వేస్తే మూడు నుంచి అయిదు గంటల్లో ఖాళీ! పిల్లల జేబుఖర్చంతా సెల్స్‌కే సరి. నింటెండోలో గేమ్‌బాయ్‌ని రూపొందించిన గున్‌పెయ్ యొకోయ్ సిద్ధాంతం దీనికి పూర్తిగా వ్యతిరేకం. బాగా నలిగి, చవకైపోయిన పరిజ్ఞానాన్నే కొత్తగా వాడాలనేవాడాయన. తక్కువ ధర, ఎక్కువ గంటలు... గేమ్‌బాయ్ గెలిచింది ఆ దారిలోనే. యొకోయ్ 1997లో కన్నుమూసినా, నింటెండో నాలుగేళ్ల తర్వాత 'అడ్వాన్స్' విషయంలోనూ ఆ లెక్కనే నమ్ముకుంది. పదిహేను గంటలు కావాలా, వెలుగు కావాలా అంటే గంటలనే ఎంచుకుంది.

కళాకారుల సంగతీ ఆలోచించాలి. వాళ్లు బొమ్మలు గీసేది వెలుగులు చిమ్మే కంప్యూటర్ తెరమీద. అక్కడ ముదురు ఊదారంగు గోడా, దానిమీద నల్లని నీడా చక్కగా విడివిడిగా కనిపిస్తాయి. ఆ రెండూ జేబుయంత్రంలోకి దిగేసరికి కలిసిపోయి ఒకటే మసి.

దుకాణాల్లో చిట్కాలు అమ్మకానికొచ్చాయి. యంత్రానికి తగిలించే చిన్న లైట్లు, వానపాములా వంగే కాడకి బల్బున్న 'వార్మ్‌లైట్లు', 2002లో యంత్రాన్ని విప్పి లోపల అమర్చుకునే లైటు కిట్టు కూడా. స్క్రూడ్రైవర్ పట్టుకుని కొత్త ఆటయంత్రాన్ని విప్పేంత తెగింపు... చూడాలన్న ఆశ ఎంతటిదో దీన్నిబట్టే తెలుస్తుంది.

రోగం కుదిరింది, పాట పోయింది

మరుసటేడు, 2002లో రెండో ఆట వచ్చింది. 'హార్మనీ ఆఫ్ డిసొనెన్స్'. ఈసారి బాధ్యత 'సింఫనీ' బృందంలో పనిచేసిన కోజీ ఇగరాషీది. మొదటి ఆటమీద వచ్చిన ఫిర్యాదు ఆయన చెవిన పడింది. చీకటి మాటే లేకుండా చేశాడు. గోడలకి కాషాయం, పసుపు, నీలం. కథానాయకుడు జూస్ట్ బెల్మాంట్ ఎక్కడున్నాడో గుర్తుపట్టడానికి అతని ఒంటిచుట్టూ మెరిసే నీలిరంగు అంచు. టేబుల్‌లైటు ఓ మోస్తరుగా ఉన్నా చాలు, ఆట కనిపిస్తుంది.

అయితే చిన్నయంత్రం శక్తి కొబ్బరిచిప్పలో నీళ్లలాంటిది. ఒకచోట ఎక్కువ పోస్తే మరోచోట తగ్గాల్సిందే. బొమ్మల హంగుకి పెద్దవాటా పోవడంతో సంగీతానికి మిగిలింది తక్కువ. మొదటి ఆటలో నిండుగా మోగిన వాద్యాలు ఇందులో పాత గేమ్‌బాయ్ కీచు శబ్దాల్లా వినిపించాయి. కళ్లకి దక్కింది, చెవులకి దక్కలేదు. దీని గురించి తొలిరోజు ఆడినవాళ్లన్నమాట, మొదటిదాని తీర్పుకి సరిగ్గా తిరగేసిన బొమ్మ. హాయిగా కనిపిస్తోంది, వినడానికే బాలేదు!

గ్రహణం విడిచింది

2003 ఫిబ్రవరి 14న జపాన్‌లో, మార్చి 23న అమెరికాలో నింటెండో 'గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ'ని విడుదల చేసింది. పుస్తకంలా మడతపెట్టే యంత్రం. సెల్స్ బదులు ఛార్జింగ్ బ్యాటరీ. అన్నిటికంటే ముఖ్యంగా, తెరమీదికి వెలుగు ప్రసరించే లైటు. అది వేసుకుని ఆడినా ఛార్జింగ్ పది గంటలదాకా వచ్చేది. గంటలా, వెలుగా అన్న పాత తగువు తీరిపోయింది. 2005లో తెర వెనకనుంచే వెలిగే మరింత మెరుగైన రకం కూడా వచ్చింది.

ఎస్పీ వచ్చిన మూడు నెలల్లోపే, 2003 మే నెలలో మూడో ఆట 'ఆరియా ఆఫ్ సారో' దిగింది. బొమ్మలూ బాగున్నాయి, మిచిరు యమానే సంగీతం మళ్లీ నిండుగా పలికింది. కథ పాతకాలాన్ని వదిలేసి 2035కి దూకింది. జపాన్‌లో ఓ గుడికి బయల్దేరిన సోమా క్రూజ్ అనే కుర్రాడు సూర్యగ్రహణం వేళ స్పృహతప్పి, కళ్లు తెరిచేసరికి గ్రహణం లోపలున్న డ్రాకులా కోటలో ఉంటాడు. ఇందులో సరదా సంగతేంటంటే, 2035 సెప్టెంబరు 2న జపాన్ మీదుగా నిజంగానే సంపూర్ణ సూర్యగ్రహణం రానుంది! కోట సంగతి ఏమోగానీ, గ్రహణం మాత్రం ఖాయం.

ఇక మొదటి ఆట 'సర్కిల్ ఆఫ్ ద మూన్' పరిస్థితి? కొడుకుండగా శిష్యుడికి కొరడా ఇచ్చిన కథకి తగ్గట్టే, ఇంట్లో దాని స్థానం కాస్త తిరగబడింది. ఇగరాషీ కూర్చిన ఈ సిరీస్ అధికారిక కాలక్రమంలో అది కనిపించలేదు. ఆయన చేతుల మీదుగా రాని ఆట అది. వంశవృక్షంలో పక్కకొమ్మలా మిగిలిపోయింది. చాలామంది జ్ఞాపకాల్లోనూ 'బాగుండేదిగానీ కనిపించేది కాదు' అన్న ఒక్క ముక్కగానే నిలిచింది.

మళ్లీ ఓసారి చూస్తే...

2021 సెప్టెంబరులో కొనామీ ఈ మూడింటినీ, 1995 నాటి 'డ్రాకులా ఎక్స్'నీ కలిపి 'క్యాసిల్‌వేనియా అడ్వాన్స్ కలెక్షన్' పేరుతో విడుదల చేసింది. నింటెండో స్విచ్, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్, కంప్యూటర్... అన్నిటికీ. స్విచ్‌ని చేతిలో పట్టుకుని ఆడొచ్చు కాబట్టి, ఇరవయ్యేళ్ల తర్వాత ఆ కోట మళ్లీ అరచేతుల్లోకి వచ్చినట్టే. తేడా ఒక్కటే, ఈ తెరకి సొంత వెలుగుంది.

పక్కపక్కనే పెట్టి చూస్తే తమాషా బయటపడుతుంది. అప్పట్లో మసకబారిన 'సర్కిల్ ఆఫ్ ద మూన్' ఇప్పుడు ఎలా ఉండాలో అలా ఉంది. నేలమాళిగ గోడలమీద తడి, దూరాన తోరణాల వరస, పున్నమి వెలుగు పడ్డ మెట్లు... గీసినవాళ్లు చూసిన కోట ఇన్నాళ్లకి ఆడేవాళ్లకీ కనిపిస్తోంది. నాడు చీకటికి విరుగుడుగా రంగులు పూసిన 'హార్మనీ' మాత్రం వెలుగున్న తెరమీద కాస్త బెదురుగొడుతుంది. జూస్ట్ చుట్టూ ఉన్న నీలిగీత ఎందుకుందో తెలియని కొత్తవాళ్లకి అదో వింత అలంకారం. గుడ్డిదీపానికి సరిపడేలా గీసిన బొమ్మ పట్టపగలు బయటికి వచ్చినట్టుంటుంది. ఒక ఆట తన కాలపు యంత్రాన్ని లెక్కచేయక నష్టపోయింది. ఇంకొకటి ఆ యంత్రానికే అచ్చంగా సరిపోయి, యంత్రం మారాక ఎబ్బెట్టుగా మిగిలింది. ఏది తప్పు? 2002లో ఆడిన పిల్లాడికి ఆ నీలిగీత వరం. ఆ పూటకి అన్నం పెట్టినవాణ్ని తప్పుపట్టలేం.

వెలుగొచ్చాక మంచే కాదు, లోపాలూ కనిపిస్తాయి. నేథన్ కుదురైన నడక, దూకుడు తక్కువ గెంతులు, ఎంతకీ రాలని పేకముక్కలు... 2001లో వీటి గురించి పెద్దగా మాట్లాడుకోలేదు. చీకటి అన్నిటికంటే పెద్ద తప్పుగా ముందు నిలబడింది కాబట్టి మిగతావన్నీ దాని వెనక దాక్కున్నాయి. ఒక్కో ముక్క కోసం ఒకే గదిలోకి పాతికసార్లు వెళ్లిరావడం ఇప్పటి పిల్లల ఓపికకి పరీక్షే. కొత్త సంకలనంలో కాస్త వెనక్కి తిప్పుకునే వెసులుబాటూ, ఎక్కడైనా ఆపి దాచుకునే వీలూ ఉన్నాయి కాబట్టి సెర్బెరస్ ముందు కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఒక్కమాట. అస్థిపంజరాలూ, రక్తపిశాచాలూ, బలి ప్రయత్నాలూ ఉన్న కథ ఇది. ఆట అమ్మేచోట వయసు సూచిక ఉంటుంది. కొనేముందు దాన్ని ఓసారి చూడటం మేలు. హైస్కూలు దాటబోయే పిల్లలైతే, పక్కన కూర్చుని ఏ ముక్కకి ఏ ముక్క కలపాలో ఊహించే పని పెద్దవాళ్లకీ సరదాగానే ఉంటుంది. మెర్క్యురీ ఎవరు, సెర్బెరస్ ఎక్కడి కుక్క అన్న ప్రశ్నలు వస్తే పుస్తకాల అలమర దాకా నడవాల్సీ రావచ్చు.

తొలిచూపు అబద్ధం చెప్పదు. కాకపోతే అది ఆట గురించి ఎంత చెబుతుందో, ఆడిన కుర్చీ గురించీ, నెత్తిమీది బల్బు గురించీ అంతే చెబుతుంది. 'కనపడటం లేదు' అన్న పిల్లాడిది తప్పు కాదు. అతను వేలెత్తి చూపినందువల్లే రెండో ఆటకి రంగులొచ్చాయి. అందరూ అడగ్గా అడగ్గా యంత్రానికీ దీపం వచ్చింది. తప్పల్లా ఆ ఒక్క మాటనే ఆఖరిమాటగా రాసిపెట్టుకోవడంలో ఉంది. అటకమీద పడేసిన పాత ఆటలకే కాదు, ఒక్కపూట చూసి పక్కనపెట్టిన పుస్తకానికైనా, సినిమాకైనా ఇంకో దీపం కింద ఇంకో అవకాశం ఇస్తే పోయేదేమీ లేదు.

ఆనాడు కుర్చీని లైటు కిందికి లాక్కున్న పిల్లాడు ఈపాటికి ఓ ఇంటివాడై ఉంటాడు. ఇప్పుడు అదే కోట, అదే నేలమాళిగ, అదే మూడుతలల కుక్క. ఆడాలంటే అతను చేయాల్సింది ఒక్కటే... గదిలో లైటు ఆర్పేయడం!